పాత ఎంఎం540కి వేరే ఇంజిన్: ముందు దాని వెనకాల ఉన్నవి చూడండి

మీరు అడిగింది ఇదీ: నాన్నగారి 1993 మోడల్ మహీంద్రా ఎంఎం540 జీపు మీ చేతికొచ్చింది. అందులోని ప్యూజో ఎక్స్‌డీపీ డీజిల్ ఇంజిన్ పొగ బాగా వదులుతోంది, పొద్దున్నే ఒక పట్టాన స్టార్ట్ అవదు, అనంతగిరి ఘాట్‌లో రెండో గేరు దాటి లాగడం లేదు. దాని బదులు స్కార్పియోలో వచ్చిన ఎంహాక్ డీజిల్ ఇంజిన్ పెట్టించాలా, బొలెరో డీఐ టర్బోనా, లేక ఎంఎం550 జీపులో వచ్చిన, టర్బో లేని మామూలు ఎండీఐ ఇంజిన్ చాలా? మీ స్నేహితుడు జిప్సీకి బెలీనో ఇంజిన్ వేయించి హాయిగా తిరుగుతున్నాడు, మనకూ అంత సులువుగా అయిపోతుందా అని కూడా అడిగారు.

నా మాట ముందే చెప్పేస్తాను. వారమంతా వైజాగ్‌లో తిరుగుతూ, వీలైనప్పుడు అరకు, వంజంగి, లంబసింగి ఎక్కే జీపుకు ఎంహాక్ వద్దు. ముందు ఉన్న ఎక్స్‌డీపీని సరిగ్గా పరీక్ష చేయించండి. మీరు రాసిన లక్షణాలన్నీ బాగుచేస్తే పోయేవే. ఆ ఇంజిన్ నిజంగానే అయిపోయిందని తేలి, కాగితాల వైపు నుంచి దారి దొరికితే, అప్పుడు టర్బో లేని ఎండీఐ. ఎందుకో వివరంగా చెప్తాను.

జిప్సీ సంగతి రెండు ముక్కల్లో. జిప్సీ కింగ్‌లోది 1298 సీసీ, పాత బెలీనో సెడాన్‌లోది 1590 సీసీ. రెండూ సుజుకీ జీ కుటుంబం ఇంజిన్లే. సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), మానిఫోల్డ్ (గాలి, పొగ గొట్టాలు) లాంటివి జిప్సీకి తగ్గట్టు మార్చుకుంటే పాత గేర్‌బాక్స్‌కు పెద్ద కుస్తీ లేకుండా కూర్చుంటుంది. మీ జీపులో ఎంహాక్ అలా కాదు. ఇంజిన్ ఒక తరానిది, గేర్‌బాక్స్ ఇంకో తరానిది, చక్రాలను మోసి తిప్పే యాక్సిల్ ఏమో తొలి అమెరికన్ జీపు విల్లీస్ కాలం నాటి డిజైను.

ఇక కాగితాలు. మెకానిక్ దగ్గర ఈ మాట ఎవరూ ఎత్తరు కాబట్టి నేనే ఎత్తుతున్నాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే వీలుంది. అదే రకం ఇంజిన్ మార్చుకున్నా రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. పాత రోజుల్లో పెట్రోల్ విల్లీస్‌లకు డీజిల్ ఇంజిన్ వేసి ఆర్‌సీలో రాయించుకున్న బండ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిని చూపించి మనకూ ఇస్తారు అనుకోవద్దు.

మీ బండి 1993ది కాబట్టి, 15 ఏళ్ల తర్వాత అయిదేళ్లకోసారి రెన్యూవల్ లెక్కన 2028లో మళ్లీ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి. అప్పుడు ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు చూస్తారు. నంబరు కలవకపోతే ఎంత బాగా కట్టిన బండైనా అక్కడే ఆగిపోతుంది. ఇన్సూరెన్స్ కూడా అంతే. చెప్పకుండా ఇంజిన్ మార్చిన బండికి ప్రమాదం జరిగితే, క్లెయిమ్ కాదనడానికి వాళ్లకు మనమే కారణం అందించినట్టు. అందుకే రూపాయి ఖర్చు పెట్టకముందే ఆర్‌సీ జిరాక్స్ పట్టుకుని రవాణా శాఖ ఆఫీసుకు వెళ్లి, ఫలానా ఇంజిన్ పెట్టుకుంటే ఎక్కిస్తారా అని రాతపూర్వకంగా అడగండి. కాదంటే వేరే ఇంజిన్ ఆలోచన అక్కడితో మానేసి, ఉన్నదాన్ని బాగుచేయించుకోండి. సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొనేటప్పుడు ఏ బండిలోంచి తీశారో ఆ బండి ఆర్‌సీ కాపీ, బిల్లు లేకుండా తీసుకోవద్దు. నంబరు దగ్గర గ్రైండింగ్ చేసిన గుర్తు కనిపిస్తే ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఇప్పుడు మీ ఎక్స్‌డీపీ. 90 మి.మీ బోరు (సిలిండర్ వెడల్పు), 83 మి.మీ స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 2112 సీసీ, సుమారు 62 హార్స్‌పవర్. కొత్తలో ఘాట్ రోడ్డుకు ఇది తక్కువేమీ కాదు. పొగ అనగానే ఇంజిన్ పోయిందనడం ఆటోనగర్‌లో రోజూ వినే మాట. ముందు పొగ రంగు చూడండి. నల్లగా ఉంటే గాలి తక్కువ, లేదా డీజిల్ ఎక్కువ. ఎయిర్ ఫిల్టరు, డీజిల్ చిమ్మే నాజిళ్లు, డీజిల్ పంపు సెట్టింగు చూడాలి. నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోంది, అంటే రింగులో వాల్వ్ గైడ్లో. పొద్దున్న తెల్లగా వచ్చి వేడెక్కాక పోతే హీటర్ ప్లగ్గులు (స్టార్టింగ్‌కు సిలిండర్‌ను వేడిచేసేవి), డీజిల్ చిమ్మే టైమింగు. వేడెక్కినా తెల్ల పొగ ఆగక, రేడియేటర్‌లో నీళ్లు కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి.

పొద్దున్న స్టార్టింగ్ విషయంలో ఒకటి గమనించండి. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున మొరాయించిందంటే అర్థం ఉంది. వైజాగ్‌లో ఉన్నది చలే కాదు. ఇక్కడే మొరాయిస్తోందంటే హీటర్ ప్లగ్గులు పని చేయకపోవడమో, డీజిల్ లైనులో గాలి చేరడమో, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) పడిపోవడమో అయి ఉండాలి. మొదటి రెండూ చిన్న ఖర్చుతో పోతాయి. ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పి బ్యాటరీకి తగిలిస్తే కొన ఎర్రబడుతోందో లేదో కళ్లతోనే తెలుస్తుంది. మూడోదానికి ఇంజిన్ వేడి మీద ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. సన్నగా ఆవిరి వస్తే పర్వాలేదు. భుస్సుమని దమ్ము కొడుతూ ఆయిల్ తుంపర్లు చిమ్ముతుంటే, మన మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అనేది అదే. అప్పుడు గేజితో నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూడాలి. నాలుగూ ఒకే తీరుగా కాస్త తగ్గితే అది వయసు. ఒకటి మాత్రం బాగా పడిపోతే జబ్బు అక్కడే ఉంది. ఇవేవీ చూడకుండా ఇంజిన్ దింపేద్దాం అనే మెకానిక్‌కు బండి అప్పగించొద్దు.

సరే, వేరే ఇంజినే అనుకుందాం. అందరూ హార్స్‌పవర్ అడుగుతారు. నేను అడిగేది టార్క్, అంటే తిప్పే బలం, అది కూడా గేర్‌బాక్స్ వెనకాల ఎంత అవుతుందని. విల్లీస్ సీజే3బీ అంకెలు తీసుకుని లెక్క చూపిస్తాను. మొదటి గేరు రేషియో 2.798, ట్రాన్స్‌ఫర్ కేసు (బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) తక్కువ స్పీడు రేంజి 2.46, డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్య ఉండే గేర్లు) 5.38. మూడూ గుణిస్తే సుమారు 37. ఎక్స్‌డీపీ టార్క్ దాదాపు 120 న్యూటన్ మీటర్లు, అంటే యాక్సిళ్ల దగ్గరికి వచ్చేసరికి 4,400 పైచిలుకు. స్కార్పియోలో వచ్చిన 120 హార్స్‌పవర్ ఎంహాక్ 290 ఇస్తుంది, అంటే 10,700 పైమాటే. మీ ఎంఎం540 నాలుగు గేర్లది కాబట్టి అంకెలు కాస్త మారతాయి, పద్ధతి ఇదే. టైరు జారితే ఆ బలం అంతా యాక్సిల్ మీద పడదు, నిజమే. కానీ కటికి జలపాతం దారిలో లాగా రాళ్ల మధ్య ఒక చక్రం గట్టిగా ఇరుక్కుని ఉండగా యాక్సిలరేటర్ తొక్కితే, జారడానికి దానికి చోటే ఉండదు. అప్పుడు యాక్సిల్ షాఫ్టో, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసో, ట్రాన్స్‌ఫర్ కేసు లోపలి గేర్లో, ఏది బలహీనంగా ఉంటే అది తెగుతుంది.

దాని బదులు స్కార్పియో గేర్‌బాక్స్ కూడా పెట్టేద్దాం అంటారు. టూవీల్ స్కార్పియోది అయితే దానికి ట్రాన్స్‌ఫర్ కేసే ఉండదు. మీ జీపులో వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ మధ్యలో కాకుండా కుడి పక్క నుంచి వెళ్తుంది, డిఫరెన్షియల్ కూడా కుడి పక్కకే ఉంటుంది. మధ్యలోంచి షాఫ్ట్ బయటికి వచ్చే కొత్త రకం గేర్‌బాక్స్ పెడితే యాక్సిల్ కూడా మార్చాలి. యాక్సిల్ మారితే కమాన్ పట్టీలు కూర్చోబెట్టే చోటు, బ్రేకులు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, చక్రాల బోల్టులు అన్నీ మారతాయి. చివరికి నాన్నగారి జీపులో మిగిలేది బాడీ ఒక్కటే. అది మీకు కావాలా అన్నది మీరే తేల్చుకోవాలి.

ఎండీఐ ఎందుకు అంటున్నానంటే, అది 2523 సీసీ, స్ట్రోకు 101.6 మి.మీ. ట్రాక్టర్ తరహా ఇంజిన్, కింది ఆర్‌పీఎంలోనే లాగుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ కాబట్టి చలిలో కూడా త్వరగా అందుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, పాడేరులోనో చింతపల్లిలోనో ఆగిపోతే ఏజెన్సీలో జీపులు తిప్పేవాళ్లలో దాన్ని విప్పడం తెలిసినవాడు దొరుకుతాడు. ఎంహాక్ ఆగితే దాని కంప్యూటర్‌ను చదివే స్కానర్ ఉన్నవాడు కావాలి. సిగ్నల్ కూడా లేని చోట స్కానర్ ఎక్కణ్ణుంచి తెస్తారు?

దీనికీ ఒక లోపం ఉంది, ముందే తెలుసుకోండి. ఎక్స్‌డీపీ 4,500 ఆర్‌పీఎం వరకు తిరుగుతుంది, ఎండీఐ 3,200 దగ్గరే ఆగుతుంది. పాత డిఫరెన్షియల్ అలాగే ఉంటే టాప్ స్పీడ్ పడిపోతుంది. మీ బండి రేషియో ఎంతో ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. వెనక రెండు చక్రాలూ లేపి స్టాండ్ల మీద పెట్టి, గేరు న్యూట్రల్ చేసి, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో గీత గీయండి. ఇద్దరు చెరో చక్రం పట్టుకుని కలిసి సరిగ్గా ఒక చుట్టు తిప్పాలి. షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. ఉదాహరణకు 5.38 వచ్చి, టైరు చుట్టుకొలత 2.2 మీటర్లు అనుకుంటే, టాప్ గేర్‌లో 3,200 దగ్గర గంటకు 78 కిలోమీటర్లు. అదే 4,500 దగ్గర 110. ఆనందపురం - అనకాపల్లి ఆరు లైన్ల రోడ్డు మీద లారీలు మిమ్మల్ని దాటుకుని పోతుంటాయి. ఘాట్‌లో మాత్రం మీరు ముందుంటారు. నాకైతే ఈ బేరం నచ్చుతుంది. రోజూ హైవే మీద డ్యూటీకి వెళ్లేవాళ్లకు నచ్చకపోవచ్చు.

పని మొదలయ్యాక అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట. ఎండీఐ కొంటే ఫ్లైవీల్, క్లచ్, బెల్ హౌసింగ్ (ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే గంట ఆకారపు డొప్ప) అన్నీ అదే బండివి కలిపి కొనండి, రెంటినీ అతికించే అడాప్టర్ ప్లేటు బెడద తగ్గుతుంది. ప్లేటు చేయించక తప్పకపోతే లేత్ షాపు అతను బాగా చేశాడన్న నమ్మకం మీద బిగించొద్దు. క్లచ్ పెట్టకముందు బెల్ హౌసింగ్ ఒక్కదాన్నే ఇంజిన్‌కు బిగించి, డయల్ గేజి స్టాండును ఫ్లైవీల్‌కు అతికించి, ముల్లు హౌసింగ్ మధ్య రంధ్రం అంచును తాకేలా పెట్టాలి. తర్వాత ఇంజిన్‌ను చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాలి. ముల్లు ఎక్కువ తక్కువల మధ్య తేడా 0.25 మి.మీ దాటకూడదు. అంటే అసలు సెంటర్ తేడా అందులో సగం, 0.125 లోపు. దాటితే హౌసింగ్‌ను సరైన చోట నిలిపే డోవెల్ పిన్నుల దగ్గర సరిచేయించాలి. ఈ పనికి గంట పడుతుంది. దీన్ని వదిలేసిన బండ్లు క్లచ్ వదిలేటప్పుడు వణుకుతాయి, గేరు దానంతట అదే జారిపోతుంది, కొన్నాళ్లకు ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ అరుస్తుంది. అప్పుడందరూ గేర్‌బాక్స్‌ను తిడతారు, దాని తప్పేమీ లేకపోయినా. క్రాంక్ చివర ఉండే పైలట్ బేరింగ్ లోపలి కొలత మీ షాఫ్ట్ కొనకు సరిపోతోందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

ఇంజిన్ కూర్చోబెట్టేటప్పుడు మౌంట్లు ఒకేసారి వెల్డింగ్ చేయనివ్వొద్దు, చుక్కలు మాత్రమే పెట్టించండి. ముందువైపు యాక్సిల్ పైకి లేచినప్పుడు సంప్‌కు తగులుతుందేమో చూడాలి. సంప్ అడుగున మెత్తటి బంకమట్టి ముద్ద అతికించి, ముందు యాక్సిల్‌ను జాకీతో బంప్ స్టాప్ (యాక్సిల్ ఇంకా పైకి రాకుండా ఆపే రబ్బరు) తాకేదాకా లేపండి. మట్టి నలిగితే ఆ చోటు పనికిరాదు. కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి, ఎందుకంటే ఇంజిన్ కూడా రబ్బర్ల మీద ఊగుతుంది. ఇంజిన్ ముందుకో వెనక్కో జరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ల పొడవు మారుతుంది. కోయించి వెల్డింగ్ చేయించిన షాఫ్ట్‌ను బ్యాలెన్సింగ్ చేయించకుండా బిగించకండి.

కూలింగ్ మన ఊళ్లో చిన్న విషయం కాదు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలైతే బండి నెమ్మదిగా వెళ్తుంది, ఇంజిన్ కష్టపడుతుంది, ఎదురుగాలి ఉండదు. అంటే ఫ్యాన్ లాగే గాలే దిక్కు. ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ అనే కవరు తప్పకుండా ఉండాలి. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్‌లోంచి గాలి లాగకుండా, ఇంజిన్ గదిలోని వేడి గాలినే తిప్పుతూ ఉంటుంది. ఇంకో మాట, బండి వేడెక్కుతోంది అనగానే థర్మోస్టాట్ పీకేసి పారేసే అలవాటు ఇక్కడ చాలామందికి ఉంది. దయచేసి ఒప్పుకోవద్దు. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, ఆ చల్లటి పరుగులో బోరు అరుగుతుంది, పొగ పెరుగుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. వేడెక్కడానికి అసలు కారణం మాత్రం రేడియేటర్‌లోనో, వాటర్ పంపులోనో అలాగే ఉండిపోతుంది.

మీరు ఉండేది రుషికొండ వైపు అన్నారు. అక్కడి గాలి ఇనుమును తినేస్తుంది. ఇంజిన్ మాట తర్వాత, ముందు ఛాసిస్‌ను చిన్న సుత్తితో కొట్టుకుంటూ వెళ్లండి, ముఖ్యంగా కమాన్ పట్టీల బ్రాకెట్ల దగ్గర, వెనక అడ్డ బద్దె దగ్గర, బాడీ మౌంట్ల కింద. ఖంగుమనాలి. డబ్ అని మొద్దు శబ్దం వస్తే లోపల తుప్పు పట్టినట్టే. డీజిల్ ట్యాంకు అడుగు కూడా చూడండి, అందులోంచి వచ్చే తుప్పు పొడి కొత్త పంపును కూడా పాడుచేస్తుంది. ఎంహాక్ వద్దు అనడానికి ఇది ఇంకో కారణం. ఆ ఇంజిన్ నడవాలంటే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), సెన్సర్లు, పూర్తి వైరింగ్, యాక్సిలరేటర్ పెడల్ సెన్సర్, ఇమ్మొబిలైజర్ అన్నీ కలిసి పని చేయాలి. తలుపుల్లేని జీపులో సముద్రపు తేమకు ఒక్క ఎర్త్ కనెక్షన్ పచ్చబడినా బండి ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో వెతకడానికి రోజులు పడతాయి.

బ్రేకుల గురించి ఒక్క మాట. డీజిల్ ఇంజిన్‌లో బ్రేక్ బూస్టర్‌కు కావాల్సిన వాక్యూమ్ దానంతట అది రాదు, ఆల్టర్నేటర్ వెనక ఉండే పంపు నుంచి వస్తుంది. మీ బండికి బూస్టర్ ఉంటే, కొత్త ఇంజిన్ ఆల్టర్నేటర్‌కు ఆ పంపు ఉందో లేదో కొనేటప్పుడే చూడండి. ఇంజిన్ బలం పెరిగిందంటే డ్రమ్ములు, లైనింగులు కూడా కొత్తవి పడాల్సిందే. ఎక్కడం కన్నా అనంతగిరి నుంచి దిగడం కష్టం.

పాతది బాగుచేసినా, కొత్తది పెట్టినా, మొదటి ప్రయాణం అరకు పెట్టుకోవద్దు. కొన్నాళ్లు ఊళ్లోనే తిప్పండి. తర్వాత సింహాచలం ఘాట్ ఎక్కి పైన అయిదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, టెంపరేచర్ ముల్లు, ఆయిల్ ప్రెషర్ రెండూ చూడండి. ఇంటికి వచ్చి చల్లారాక కింద అట్ట పరిచి లీకులు ఉన్నాయేమో చూసి, మౌంట్ బోల్టులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులు స్పానర్‌తో మళ్లీ ఒకసారి పట్టండి. బోరింగ్ చేసిన (సిలిండర్లు మళ్లీ తొలిచిన) ఇంజిన్ అయితే మొదటి ఆయిల్ త్వరగా మార్చేయండి, తీసిన ఆయిల్‌ను తెల్లగుడ్డలో వడకట్టి మెరిసే పొడి ఉందేమో చూడండి. అనంతగిరి వెళ్లేది వీటన్నిటి తర్వాతే. కంప్రెషన్ అంకెలు వచ్చాక నాలుగు సిలిండర్లవీ ఇక్కడ రాయండి, పొగ రంగు కూడా. బోరింగ్‌తో సరిపోతుందా లేదా అప్పుడు తేల్చి చెప్తాను. అప్పటిదాకా ఎక్స్‌డీపీని ఎవరికీ అమ్మకండి.